మైకులో చెప్పిన బంగారం

చిరంజీవి శుభలేఖ ఇచ్చి వెళ్లినప్పటి నుంచి శైలేందర్‌కు చేతిలో పని సాగడం లేదు. సిద్దిపేటలో మెదక్ రోడ్డు మీద అతనిది మోటారు వైండింగ్ దుకాణం. రైతులు కాలిపోయిన మోటార్లు తెచ్చి పడేస్తే, లోపల మాడిపోయిన రాగితీగ పీకేసి కొత్త తీగ చుట్టి ఇస్తాడు. కళ్లు మూసుకుని చుట్టగలిగిన మనిషి ఆ పూట చుట్టిందే విప్పాడు, విప్పిందే చుట్టాడు. మోటారు కోసం కూర్చున్న రైతు చూసీ చూసీ, "రేపొస్త తీ" అని లేచిపోయాడు.

శుభలేఖలో తప్పేమీ లేదు. చిరంజీవి కూతురి హాఫ్ శారీ ఫంక్షన్, వచ్చే నెలలో, నారాయణరావుపేటలో. నాలుగు మూలలా పసుపు రాసిన కార్డు చేతిలో పెట్టి, బెంచీ మీద కాళ్లు బార్లా చాపుకుని, దుకాణం ఖాతాలోనే చాయ్ తెప్పించుకుని తాగాడు. "పొద్దుగాలనే రావాలెరా. బయటోళ్ల తీరు తినే యాల్లకొస్తె నేనూకోను" అని బెదిరించాడు కూడా. అన్నీ అన్నాడు గానీ, ఆ అరవై వేల ఊసు మాత్రం ఎత్తలేదు.

వాళ్లిద్దరూ ఒకే మేస్త్రీ దగ్గర వైండింగ్ నేర్చుకున్నారు. ఒకే సైకిల్ మీద తిరిగారు, ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నారు. తర్వాత చిరంజీవి పని వదిలేసి ఊళ్లో తన మూడెకరాలు, రెండు బర్రెలు చూసుకుంటూ ఉండిపోయాడు. అయినా సిద్దిపేటకు ఏ పని మీద వచ్చినా దుకాణంలో కాసేపు కూర్చోకుండా బస్సెక్కేవాడు కాదు. శైలేందర్‌కు దోస్తు అంటూ ఉన్నది అతనొక్కడే. మిగతావాళ్లు గిరాకీలో, చుట్టాలో.

నాలుగేళ్ల కింద బోరు వేయించడానికి చిరంజీవి అరవై వేలు అడిగాడు. శైలేందర్ కాగితం రాయించుకోలేదు, వడ్డీ మాట ఎత్తలేదు. బోరులో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. అప్పటి నుంచి చిరంజీవి దుకాణం ఉన్న రోడ్డున నడవడమే మానేశాడు. ఫోన్ చేస్తే "పత్తి అమ్మంగనే ఇస్త" అనేవాడు. పత్తి అమ్మాక ఫోనే ఎత్తలేదు. పైసలు పోతే పోయాయి, మనిషి కూడా పోయాడే అని శైలేందర్ లోలోపలే కుమిలిపోయాడు.

రెండేళ్ల కింద శైలేందర్ కూతురు దేవికకు హాఫ్ శారీ ఫంక్షన్ చేశారు. పిలిచాం గానీ వస్తాడా అనుకుంటుండగానే చిరంజీవి భార్యతో వచ్చాడు. వేదికెక్కి దేవిక మెడలో గొలుసు వేశాడు. పక్కనే చదివింపులు చెబుతున్నవాడు మైకు అందుకుని, "నారాయణరావుపేట చిరంజీవి, ఉష దంపతులు, తులం బంగారం" అని హాలంతా దద్దరిల్లేట్టు చెప్పాడు. సొంత బామ్మర్ది పావు తులంతో సరిపెట్టిన చోట ఒక దోస్తు తులం పెట్టాడు. శైలేందర్ అందరి ముందూ అతన్ని కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

మరుసటి వారం నుంచే చిరంజీవి మళ్లీ దుకాణానికి రావడం మొదలుపెట్టాడు. పాత నవ్వు, పాత ముచ్చట్లు, అదే బెంచీ. శైలేందర్‌కు పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది. కానీ చిరంజీవి చాయ్ గ్లాసు పట్టుకుని ఊదుకుంటూ కూర్చుంటే, లోపల ఏదో చివుక్కుమనేది. నా అరవై వేలు ఇవ్వకుండా ఎంత నిమ్మళంగా తాగుతున్నాడో చూడు, అనుకునేవాడు. మళ్లీ తనను తానే తిట్టుకుని బిస్కెట్లు తెప్పించేవాడు. రెండేళ్లుగా ఇదే వరస.

ఆ రాత్రి అన్నాలయ్యాక కార్డు చూడగానే వినీత ఫోన్‌లో బంగారం ధర వెతికింది. తులం లక్ష దాటి ఎటో వెళ్లిపోయింది. ఆమె ఓ నిట్టూర్పు విడిచి, "ఏం జేస్తం. తులం పెట్టిండు, తులం పెట్టాలె" అంది.

"మన అరవై వేలు వాని దగ్గర్నే ఉన్నయి గదనే" అన్నాడు శైలేందర్.

"బాకి బాకే, పెట్టుడు పెట్టుడే. బాకి కట్టలేదని పెట్టుడు ఆపుతమా? మైకుల చెప్పింది అందరు విన్నరు. రేపు ఏదో ఒక గిన్నె తీస్కొని పోతె నా మొకం మీదనే అంటరు."

చిక్కుడుకాయలు తుంచుతున్న ఐలవ్వ తలెత్తి కొడుకు వంక చూసింది. "ఓరి పిచ్చి కొడుకా, వాడు బాకి తెంపుకున్నడురా. గప్పుడు తులం ఎంతుండె? అరవై వేలే గద. ఇంకేం బాకి?"

"బాకి కట్టెటోళ్లు మైకుల పేరు చెప్పించుకుంటరా అత్తమ్మా?" అంది వినీత.

భార్య మాట వింటుంటే అదే నిజమనిపించింది. తల్లి మాట వింటుంటే అదీ నిజమే అనిపించింది. గొలుసు చదివింపే అయితే, తను ఇప్పుడు లక్షకు పైగా పోసి తులం కొనాలి, అవతల అరవై వేలూ రావాల్సే ఉంటాయి. గొలుసు బాకీ కింద పెట్టిందైతే, తను కొనాల్సిందేమీ లేదు, రావాల్సిందీ ఏమీ లేదు. కానీ ఆ ముక్క ఊళ్లోవాళ్లకు ఎవరు చెబుతారు? పోయి చిరంజీవినే అడగమంది వినీత. నా బిడ్డ మెడలో నువ్వు వేసింది ప్రేమా, బాకీయా అని ఏ నోటితో అడుగుతాడు? అడిగితే మళ్లీ రాకుండా పోతాడేమో. మనిషి ఒకసారి పోతేనే రెండేళ్లు పట్టింది తిరిగి రావడానికి.

ఆదివారం నాడు, ఫంక్షన్ పనులేమైనా ఉన్నాయేమో చూసొస్తానని చెప్పి, బండి మీద నారాయణరావుపేటకు వెళ్లాడు. చిరంజీవి బర్రెకు కుడితి పెడుతున్నాడు. శైలేందర్ దారి పొడవునా కూడబలుక్కున్న మాట బయటపెట్టాడు. "ఫంక్షన్‌కు పైసలేమన్న తక్కువ పడుతున్నయారా?" బాకీ ఉన్నవాడైతే తల దించుకుంటాడు, లేనివాడైతే దించుకోడు అని అతని లెక్క.

చిరంజీవి తల దించుకోలేదు, ఎత్తనూ లేదు. బర్రె మూతి పక్కకు తోస్తూ నవ్వాడు. "పడుతయి. అయినా నీ దగ్గర తీసుకోనురా. ఒక్కసారి తీసుకుంటెనే నాకు నిద్ర పట్టలే."

అంటే తీసుకున్నట్టు గుర్తుంది. గుర్తున్నవాడు ఇచ్చానని అనలేదు, ఇస్తానని కూడా అనలేదు. అసలు ఇప్పుడు నిద్ర పడుతోందా లేదా అని అడుగుదామనుకున్నాడు గానీ, ఈలోగా ఉష వచ్చి, "అన్నా, చాయ్ తాగు" అని గ్లాసు చేతికిచ్చింది. తిరిగొచ్చేటప్పుడు రెండు లీటర్ల పాలు సీసాల్లో పోసి బండికి తగిలించింది. తెలుసుకుని వద్దామని వెళ్లిన మనిషి, వెళ్లేటప్పటి కంటే ఎక్కువ గందరగోళంతో ఇల్లు చేరాడు. వినీత అడిగితే, "పాలిచ్చిన్రు" అన్నాడు.

వారం రోజులు బుర్ర పాడుచేసుకున్నాక, ఒక పొద్దున మోటారుకు వార్నిష్ పూస్తూ ఠక్కున తేల్చేసుకున్నాడు. ఇచ్చాడో ఇవ్వలేదో నాకెందుకు? ఆ అరవై వేలు నేనే విడిచిపెడుతున్నాను. తులానికి తులం పెడతాను. దోస్తానా ముందు పైసలెంత? అలా అనుకోగానే ఒళ్లు తేలికపడింది, తన మీద తనకే గౌరవం కలిగింది. కొత్త వైండింగ్ మిషన్ కోసం మూడేళ్లుగా దాచిన డబ్బు తీసి గొలుసు కొన్నాడు. వినీత సంబరపడింది. ఐలవ్వ మాత్రం, "వాడు నిన్నడిగిండా?" అని ఒక్క మాట అని ఊరుకుంది.

ఫంక్షన్ రోజు చెప్పినట్టే పొద్దున్నే వెళ్లారు. ఇంటి ముందు టెంటు వేశారు. శైలేందర్ పిల్ల మెడలో గొలుసు వేశాడు. మైకులో, "సిద్దిపేట శైలేందర్, వినీత దంపతులు, తులం బంగారం" అని వినిపించింది. చప్పట్లు కొట్టారు. శైలేందర్ నవ్వుతూ చిరంజీవి వైపు తిరిగాడు, అతను వచ్చి కావలించుకుంటాడని. చిరంజీవి కదల్లేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు. వెనక ఉష కుర్చీ వెతుక్కుని కూర్చుండిపోయింది.

కాసేపటికి చిరంజీవి వేదిక దిగి, అతని మణికట్టు పట్టుకుని వంటలు చేస్తున్న చోటి వెనక్కి తీసుకుపోయాడు.

"ఏందిరా గిది?"

"నువ్వు పెట్టినవ్, నేను పెట్టిన. గంతే గద" అన్నాడు శైలేందర్.

"నేనేడ పెట్టినరా? నేను నీ బాకి కట్టిన." చిరంజీవి గొంతు తగ్గించాడు. "నీ చేతుల పైసలు పెడితె ఫంక్షన్‌కు ఒట్టి చేతులతోని వచ్చినట్టుంటుండె. రెండిటికి నా దగ్గర లేకుండె. ఒక బర్రెనమ్మి గా గొలుసు కొన్న. బంగారం పెడితె ఇజ్జత్ దక్కుతది, బాకి తీరుతదని ఉషనే అన్నది. తులం ధర, నీ బాకి ఒక్కతీరే ఉండె. నీకు సమజైతదనుకున్న."

"మరి చెప్పాలె గదరా."

"నువ్వు మీద పడి ఏడిస్తివి. అంతమందిల గిది బాకి అని నేనెట్ల చెప్పుదు?"

శైలేందర్‌కు తప్పు తనదా, వాడిదా, మైకుదా అర్థం కాలేదు. ఎలాగైనా దోస్తు మొహంలో ఆ బాధ పోగొట్టాలనుకున్నాడు. అందుకు తన దగ్గరున్న మాటల్లో అన్నిటికన్నా మంచిదనుకున్న మాట అన్నాడు. "పోనియ్‌రా. గా అరవై వేలు నేను ఇడిసిపెట్టిన. ఇన్నొద్దులు నువ్వియ్యకున్న నేనేమన్న అన్ననా?"

చిరంజీవి అతని మణికట్టు వదిలేశాడు.

"అంటె, నేను నీ దుకాణంల కూసొని చాయ్ తాగినప్పుడల్ల, బాకి ఎగబెట్టినోడు తాగుతుండని చూసినవా?"

లేదు అనాలి. ఒక్క మాట. శైలేందర్ నోరు తెరిచాడు గానీ, చూసిన మాట నిజమే కాబట్టి అది బయటకు రాలేదు. రాకపోవడం చిరంజీవి చూశాడు.

"గొలుసు వాపస్ ఇయ్యిరా. లెక్క సాఫైతది" అన్నాడు శైలేందర్ చివరికి.

"మైకుల చెప్పినంక నా బిడ్డ మెడలకెళ్లి తీయమంటవా? నేను పెట్టింది గుడ చదివింపే అనుకో. నీ అరవై వేలు నేనిస్త."

"నాకొద్దురా."

"నువ్వట్ల చూస్తున్నవని తెల్వక ఇన్నొద్దులు కూసున్న. గిప్పుడు తెలిసినంక ఎట్ల కూసుంట?" అని చిరంజీవి కండువాతో మొహం తుడుచుకున్నాడు. "పోయి తినుర్రి. అక్కడ వినీత నీ కోసం నిలబడ్డది."

తర్వాతి నెల నుంచి పైసలు రావడం మొదలైంది. దుకాణంలో గిరాకీలు ఫోన్‌తో పైసలు పంపితే పైకి చెప్పే చిన్న డబ్బా ఒకటి ఉంది. ఓ మధ్యాహ్నం ఎవరూ లేని సమయంలో అది, రెండు వేల రూపాయలు అందాయి అంది. ఫోన్ తీసి చూస్తే చిరంజీవి పేరు. వద్దని చెబుదామని ఫోన్ చేశాడు, ఎత్తలేదు. తిప్పి పంపితే, సాయంత్రానికల్లా అవే రెండు వేలు మళ్లీ అందాయని అదే డబ్బా చెప్పింది. అప్పటి నుంచి నెల తప్పడం లేదు. నాలుగేళ్లు ఏ పైసల కోసం ఎదురుచూశాడో ఆ పైసలు ఇప్పుడు వస్తుంటే, అవి బాకీ కింద వస్తున్నాయో, కోపం కింద వస్తున్నాయో, అసలు ఎవరు ఎవరికి బాకీనో శైలేందర్‌కు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఒక్క లెక్క మాత్రం తెలిసింది. ఈ చొప్పున అరవై వేలు తీరడానికి రెండున్నరేళ్లు పడుతుంది, అప్పటిదాకా చిరంజీవి దుకాణం మెట్టెక్కడు. తీరాక ఇక రావాల్సిన పనే ఉండదు.