తెరిచి చూడని డిస్కు

దస్రు ఎవరినీ నమ్మడు. సీపీయూను తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుని దేవరుప్పుల నుంచి జనగామ దాకా బస్సులో వచ్చాడు గానీ, కింద పెట్టమన్న కండక్టర్ మాట వినలేదు. చొక్కా లోపలి జేబులో చిన్న హార్డ్ డిస్కు ఉంది. దాన్ని పక్కన కూర్చున్న కూతురు కల్యాణి చేతికి కూడా ఇవ్వలేదు.

ఆ డిస్కులో ఉన్నది అతని భార్య తారి గొంతు. లంబాడీ తండాలో ఆడపిల్ల అత్తగారింటికి బయలుదేరేటప్పుడు అయినవాళ్ల మెడ పట్టుకుని ఢావ్లో పాడుతూ ఏడుస్తుంది. ఆ పాట తల్లి నేర్పాలి. పెళ్లి నాటికి తాను ఉండనని తెలిసి తారి ఐదు ఢావ్లోలు పాడి ఫోన్లో రికార్డు చేసి, కూతురి చేత కంప్యూటర్లో వేయించింది. జబ్బు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. దస్రు దాన్ని దవాఖానలో డాక్టర్ నోట విన్నాడు. అప్పటికే చేయి దాటిపోయింది.

తారికి పాటలకు తీరిక దొరికింది, తనతో ఒక్క మాటకు దొరకలేదు. ఆమె పోయినా దస్రుకు ఆ కోపం పోలేదు. ఆ పాటలు తాను వినలేదు, ఇంట్లో పెట్టనివ్వలేదు. వింటే ఏడుపొస్తుందని కల్యాణి కూడా దాటేస్తూ వచ్చింది. పెళ్లి కుదిరి, నేర్చుకుందామని కూర్చుంటే కంప్యూటర్ మొరాయించింది. తారి ఫోన్ ఎప్పుడో పాడైపోయింది.

బస్టాండు వెనక దుకాణం విక్రమ్‌ది. విండోస్ మళ్లీ వేయాలని, లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోతుందని, కావలసినవి వేరే దాచుకున్నారా అని అతను అడిగాడు. దస్రు జేబు తట్టి చూపించాడు.

"నాకాడ ఉన్నయి. అది చెడకముందే నేనే ఎక్కించిన."

ఒకసారి చూస్తాను ఇమ్మంటే ఇవ్వలేదు. దీన్ని కూడా తగిలించి తుడిచేస్తావన్నాడు. విక్రమ్ నొచ్చుకోలేదు. విండోస్ వేసేటప్పుడు ఈ డిస్కు తగిలించి ఉండకూడదన్నది నిజమేనని, ఏది ఏదో పోల్చుకోలేక దాచుకున్నదాన్నే తుడుచుకున్నవాళ్లు ఉన్నారని ఒప్పుకున్నాడు.

"గని జేబుల ఉన్నది డబ్బా, కాకా. లోపట పాట ఉన్నదో లేదో తెరిస్తెనే గద తెలిసేది."

"వినేదేం లేదు. నీ పని నువ్వు చెయ్యి."

విక్రమ్ కీబోర్డు దగ్గరికి జరుపుకున్నాడు. కల్యాణి దాని మీద చెయ్యి పెట్టింది.

"గవి పోతే రేపు నేను ఎవల పాట పాడాలె, బాపు?"

దస్రు జేబులోంచి డిస్కు తీసి బల్ల మీద పెట్టాడు.

విక్రమ్ దాన్ని తన కంప్యూటర్‌కు తగిలించాడు. 'అమ్మ పాటలు' అని ఒకటే బొమ్మ ఉంది. నొక్కితే తెరుచుకోలేదు. బొమ్మ మూలన ఉన్న చిన్న బాణం గుర్తును విక్రమ్ వేలితో చూపించాడు. ఇది షార్ట్‌కట్ అన్నాడు. పాటలున్న చోటికి దారి మాత్రమే, పాటలు కావు. స్క్రీన్ మీద కనబడేదాన్నే పట్టుకొచ్చి ఇందులో పెట్టారని, అసలువి ఇంకా సీపీయూలోనే ఉన్నాయని చెప్పాడు.

"గిప్పుడు తుడిస్తె దారి మిగులుతుండె, ఊరు పోతుండె."

దస్రు నోరు తెరిచాడు. తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

విక్రమ్ సీపీయూ విప్పి, లోపలి డిస్కు బయటికి తీసి, అందులోని ఐదు పాటలను దస్రు డిస్కులోకి ఎక్కించాడు. కల్యాణి ఫోన్లోకి మరో నకలు వేశాడు. వచ్చాయో లేదో చూడాలని దస్రు డిస్కులోంచి మొదటిది తెరిచాడు.

తారి గొంతు. సన్నగా మొదలై, ఊపిరి అందక ఆగి, మళ్లీ అందుకుంది. పాట మధ్యలో గది బయటి నుంచి ఒక మగగొంతు తండా మాటలో కసిరింది, ఎవరితో మాట్లాడుతున్నావని. అది దస్రు గొంతే.

ఎవరితోనూ కాదు, అన్నది తారి. నువ్వు తిను, చల్లారిపోతుంది.

తర్వాత ఆగిన చోటు నుంచే పాట ఎత్తుకుంది. కల్యాణి పెదవులు కదుపుతూ ఆ మాటలు పట్టుకుంటోంది.

పాట అయిపోయింది. అన్నీ బాగానే వచ్చాయని, డిస్కు తీసి జేబులో పెట్టుకుంటే ఇక తన పని మొదలుపెడతానని విక్రమ్ అన్నాడు. దస్రు డిస్కు తీయలేదు. స్టూలు ముందుకు జరుపుకున్నాడు.

"ఇంక నాలుగున్నయి. అవి గూడ తెరువు."