మోటారుకిచ్చిన నంబరు

ఇప్పటి పిల్లలకు మిస్డ్ కాల్ అంటే ఎవరో ఫోన్ చేస్తే మనం చూసుకోలేదని అర్థం. రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తల్లో మా చిక్కబళ్ళాపురం వైపు దాని అర్థం అది కాదు. మిస్డ్ కాల్ అన్నది ఒకరిచ్చేది, ఇంకొకరు పుచ్చుకునేది. బాగేపల్లిలో బస్సు దిగినవాడు ఇంటికి ఒక రింగిస్తే క్షేమంగా చేరాడన్నమాట. చింతామణి మండీ నుంచి రింగు వస్తే టమోటాకు మంచి ధర పలికిందన్నమాట, రాకపోతే సాయంత్రం ఇంటికొచ్చిన మనిషిని ఏమీ అడగకూడదన్నమాట. దాన్ని ఎత్తడం మాత్రం మహా తప్పు. ఎత్తితే అవతలివాడి దుడ్డు పోతుంది, ఎత్తినవాడికి బుద్ధి లేదని ఊరంతా అంటుంది.

మండికల్ పక్కన పల్లెలో ఉండే బైరప్పకు అలాంటి మిస్డ్ కాల్ ఒక్కటి కావాలి. తమ్ముడు లక్ష్మణప్ప దగ్గర నుంచి. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. అనకపోయినా భార్య మునిరత్నమ్మకు తెలుసు.

అన్నదమ్ములిద్దరికీ తండ్రి వదిలిపోయినవి ఎగువ చేను, దిగువ చేను, రెండింటికీ కలిపి ఒక్క బోరుబావి. ఎగువది బైరప్పకు, దిగువది లక్ష్మణప్పకు. బోరు ఎగువ చేలో ఉంది కాబట్టి వంతులు వేసుకున్నారు. ఒక ఎండాకాలం తమ్ముడి వంతు నడుస్తుండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి అన్న వంతు మొదలైపోయింది. పోయిన నీళ్ళు ఎవరివి? దేవుడు కూడా తీర్చలేని తగువు అది. మాటా మాటా పెరిగి బైరప్ప నోరు జారాడు.

"ఇంక నా బోరు నీళ్ళు నీ చేలోకి ఒక చుక్క రావు" అన్నాడు.

ఆ మాట అన్న గడియ నుంచే ఆయనకు నాలుక కొరుక్కోవాలనిపించింది. కానీ లక్ష్మణప్ప అప్పటికే మూటా ముల్లే సర్దుకుంటున్నాడు. పెళ్ళాం పిల్లలతో బాగేపల్లి పోయి బస్టాండు దగ్గర చిల్లర అంగడి పెట్టుకున్నాడు. దిగువ చేను బీడు పడింది. తాను పెద్దవాడు కాబట్టి చిన్నవాడే ముందు పిలవాలని అన్న అనుకున్నాడు. తాను మాటపడినవాడు కాబట్టి మాట అన్నవాడే ముందు పిలవాలని తమ్ముడు అనుకున్నాడు. అలా ఏళ్ళు గడిచాయి.

ఇంతలో దేవనహళ్ళి దగ్గర విమానాలు దిగే చోటు కడుతున్నారని చెప్పుకుంటున్న కాలం వచ్చింది. చేతిలో ఫోను లేనివాడిని వింతగా చూసే కాలం కూడా అదే. బైరప్ప టమోటా వేసుకుని చింతామణి పోయినప్పుడల్లా చంద్రు అంగడిలో కూర్చునేవాడు. చంద్రు టీవీలూ ఫోన్లూ రిపేరు చేస్తాడు. అతని చేతికి ఊరకే ఉండడం రాదు.

"బైరన్నా, కరెంటు వచ్చినప్పుడల్లా చేని దాకా నడిచేది నిలిపేయ్. నీ మోటారుకు ఒక ఫోను పెడ్తా. ఇంట్లో కూచుని రింగిస్తివంటే మోటారు ఆడతాది. మళ్ళా రింగిస్తివంటే నిలిచిపోతాది" అన్నాడు.

"ఎత్తేదెవురప్పా మరి?"

"ఎత్తకూడదన్నా. రింగైతే చాలు. ఫోను వణుకుతాది కదా, ఆ వైరు తీసుకొచ్చి స్టార్టరుకు కడ్తా."

మిస్డ్ కాల్‌తో నడిచే యంత్రం! మా వైపు మనుషుల కోసమే ఎవరో పుట్టించినట్టుంది. చంద్రు అటక మీది నుంచి ఒక పాత సెట్టు తీశాడు. దాని డిస్‌ప్లే పోయి తెర నల్లగా ఉంది. మోటారుకు చూసే పని లేదు కదా అన్నాడు. ఇక కావలసింది సిమ్ము. బైరప్ప అప్పుడే జీవితాంతం ఇన్‌కమింగ్ ఉంటుందని చెబితే కొత్త సిమ్ము తీసుకున్నాడు. పాతది ఊరికే పడి ఉంది. దాన్ని మోటారుకిచ్చేశాడు.

కొత్త నంబరు చుట్టాలకు తెలియాలి కదా. ఇంట్లో తలుపు వెనక గోడ మీద బొగ్గుతో రాసిన నంబర్లున్నాయి. బైరప్ప వాటన్నిటికీ వరసగా ఒక్కో మిస్డ్ కాల్ ఇచ్చాడు. అదే కొత్త నంబరు రాసుకోమని చెప్పడం. ఒక నంబరు దగ్గర మాత్రం వేలు ఆగింది. కాసేపు నిలబడి, దాన్ని దాటేసి కిందిదానికి పోయాడు.

మునిరత్నమ్మ పొయ్యి దగ్గర నుంచి అది చూసింది. 

మోటారు ఫోనుకు ఊళ్ళో మంచి పేరొచ్చింది. పక్క చేను వెంకటరాయప్ప రోజూ వచ్చి, "ఏమప్పా బైరప్పా, మీ మోటారు బాగుండాదా, ఏమన్నా చెప్పిందా?" అని అడిగేవాడు. మునిరత్నమ్మ ఊరుకుంటుందా? "నాకు ఫోను కొనియ్యమంటే నీకెందుకన్నాడు. మోటారుకు మాత్రం కొనిచ్చినాడు. దాని జాతకమే జాతకం" అంది. బైరప్ప మీసం దువ్వుకుని మంచం మీద కాళ్ళు చాపుకుని నీళ్ళు కట్టేవాడు. అంత సుఖం ఆయన తాత ముత్తాతలు ఎరగరు.

ఆ సుఖం ఎన్నాళ్ళో నిలవలేదు. మోటారు తనంతట తాను ఆడడం మొదలుపెట్టింది.

పొద్దు వాలి, ఇళ్ళల్లో దీపాలు పెట్టే వేళకు హఠాత్తుగా నీళ్ళు పడేవి. తొట్టి నిండి, గట్టు తెగిన చోటు నుంచి పొర్లి దిగువకు పోయేవి. కొన్నాళ్ళు కాసేపటికి దానంతట అదే ఆగిపోయేది. ఇంకొన్నాళ్ళు బైరప్ప పరుగున పోయి ఆపాల్సి వచ్చేది. చంద్రును పిలిపించాడు. అతను పెట్టె విప్పి, లోపల ఏదో మార్చి, కరెంటు ఎక్కువ తక్కువ వస్తాందన్నాడు. ఆ మర్నాడు దీపాల వేళకు మళ్ళీ నీళ్ళు.

"మీ నాయనకు నీళ్ళ మీద ఆశ తీరలేదేమో. ఆయప్పే వచ్చి ఆడిస్తాండాడు" అన్నాడు వెంకటరాయప్ప.

బైరప్ప నవ్వేశాడు గానీ, ఆ సాయంత్రం తండ్రి పటానికి దండం పెట్టాడు.

ఆ వెంకటరాయప్పే ఒక రోజు నవ్వకుండా వచ్చాడు. "మీ దిగువ చేను కొలుస్తాండారప్పా. బెంగళూరోళ్ళంట. లేఅవుట్ చేస్తారంట. లక్ష్మణప్ప అమ్మేస్తాండాడని అనుకుంటాండారు, నీకు తెలీదా?"

బైరప్ప లేచి దిగువ వైపు చూశాడు. తండ్రితో కలిసి రాళ్ళేరి చదును చేసిన చేను అది. ఆ రాళ్ళ కుప్ప మీదే కూర్చుని తమ్ముడికి ఈల వేయడం నేర్పాడు.

"నన్నొక మాట అడగడా వాడు?" అన్నాడు ఇంటికొచ్చి.

"నువ్వే అడుగు. నంబరు గోడ మీదే ఉండాది" అంది మునిరత్నమ్మ.

"పెద్దోణ్ణి నేను. వాణ్ణి మాట్లాడమని అనలే. ఒక్క మిస్డ్ కాల్ ఇస్తే చాలు, నా దుడ్డు పెట్టి నేనే చేస్తా. చేను అమ్మొద్దు, వంతులొద్దు, బోరంతా నువ్వే వాడుకో అంటా."

ఆ రోజు నుంచి కొత్త ఫోను ఆయన తలగడ పక్కనుంచి కదల్లేదు. అది మోగింది. ఎరువుల అంగడివాడు, మేనమామ, పెండ్లి పిలుపులవాళ్ళు, అందరూ మోగించారు. తమ్ముడు మోగించలేదు. ఎంత రాయి గుండెరా వీడిది అనుకున్నాడు బైరప్ప.

మోటారు బాధ మాత్రం తప్పలేదు. చంద్రు మళ్ళీ వచ్చాడు, ఈసారి దీపాల వేళ దాకా ఉండి చూస్తానని. మోటారు గదిలో పెట్టె తెరిచి ఇద్దరూ చెరొక పక్కన కూర్చున్నారు. పొద్దు వాలింది. నల్ల తెర ఫోను ఉన్నట్టుండి ఒక్కసారి వణికింది. మోటారు ఆడింది.

చంద్రు తల పట్టుకున్నాడు. "నా మిషన్‌ది తప్పు కాదన్నా. ఎవురో దీనికి ఫోన్ చేస్తాండారు. ఈ నంబరు ఎవురెవురికి తెలుసు?"

"అందరికీ కొత్తది ఇచ్చేసినా కదప్పా. పాత నంబరు ఇప్పుడు ఎవురి దగ్గరుంటాది..."

మాట సగంలో ఆగిపోయింది. తలుపు వెనక గోడ కళ్ళ ముందుకొచ్చింది. వేలు దాటేసిన నంబరు కనిపించింది. బైరప్ప నల్ల తెర ఫోను వైపు వంగాడు.

"మళ్ళా ఇస్తాడు. ఒకసారిచ్చి, కాసేపు చూసి, మళ్ళా ఇస్తాడు. అందుకే అది ఒక్కోసారి నిలిచిపోతాండేది" అన్నాడు.

కాసేపటికి ఫోను మళ్ళీ వణికింది. మోటారు ఆగింది. రింగు తెగకముందే బైరప్ప ఫోను అందుకున్నాడు.

"ఎత్తద్దన్నా, దుడ్డు పోతాది" అన్నాడు చంద్రు, అలవాటు కొద్దీ.

బైరప్ప ఎత్తేశాడు.

 "ఎత్తితివా అన్నా?" అన్నది అవతలి గొంతు. నమ్మలేనట్టు, కాస్త భయపడినట్టు కూడా.

"ఎత్తినారా లక్ష్మణా. పోతే పోనీలేరా దుడ్డు."

"మామ ఎప్పుడో ఇచ్చిన ఈ నంబరుకు రెండు నెల్లుగా ఇస్తాండా అన్నా. ఒక్కసారన్నా తిరిగి చేస్తావని. చేను బేరానికొచ్చిండారు, నిన్నొక మాట అడగల్లని. నేరుగా చేసేకి మొగం చెల్లలే. మిస్డ్ కాల్ అయితే, పిలిచినట్టూ కాదు, పిలవనట్టూ కాదు. నువ్వు చెయ్యకపోతివి. నీకు నా పైన ఇంకా కోపం పోలేదనుకుంటి."

"నేనూ దినామూ కాచుకునే ఉంటిరా. ఈ నంబరు నా దగ్గర లేదు లక్ష్మణా. మోటారుకు ఇచ్చేస్తి."

"మోటారుకా?"

"నువ్వు పిలిచినప్పుడల్లా అది ఆడిందిరా. నువ్వు పిలిచిన నీళ్ళన్నీ దిగువకే పోయినాయి. నీ చేను చూడు, మోకాలెత్తు గడ్డి ఉండాది."  బైరప్ప ఒక్క చుక్క రానివ్వనన్న చేను అది. "అమ్మొద్దురా దాన్ని. బోరు నువ్వే పెట్టుకో."

 అవతల బస్సులవాళ్ళు ఊళ్ళ పేర్లు అరుస్తున్నది వినిపించింది.

"మొన్న సోమవారం సంతకం పెట్టేస్తినన్నా" అన్నాడు లక్ష్మణప్ప.

 తిట్టడానికి బైరప్పకెవరూ దొరకలేదు. ఆ ఒక్క నంబరు దగ్గర ఆగిన తన వేలే కనిపించింది.

మర్నాడు తొలి బస్సుకు లక్ష్మణప్ప దిగాడు. అన్నదమ్ములు చెరొక కొడవలి తీసుకుని దిగువ చేలోకి పోయారు. కొన్నవాళ్ళు కంచె వేయకముందే ఆ గడ్డి అంతా కోశారు. ఎక్కువ మాట్లాడుకోలేదు. గడ్డి మోపులు రెండిళ్ళకూ సరిపోయేంత ఉన్నాయి గానీ, లక్ష్మణప్పకు ఇక్కడ పశువులు లేవు. అన్నీ అన్న ఆవులకే వేసి, మధ్యాహ్నం మునిరత్నమ్మ పెట్టిన ముద్ద తిని వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఆమె తలుపు వెనక గోడ చూపించింది. అతని నంబరు చెరగకుండా ఉంది.

ఆ వారమే బైరప్ప మోటారు ఫోను విప్పి పాత సిమ్ము తీసి తన ఫోనులో వేసుకున్నాడు. మోటారుకు ఇంకో సిమ్ము కొన్నాడు. దాని నంబరు ఎవరికీ ఇవ్వలేదు. దిగువ చేలో తెల్లరాళ్ళు పాతి ఇళ్ళ సైట్లు చేశారు. కొన్నేళ్ళకు బోరు కూడా ఎండిపోయింది. మోటారు ఫోనును చంద్రు ఇంకెవరికో బిగించాడు.

బాగేపల్లి నుంచి మిస్డ్ కాల్ మాత్రం రోజూ దీపాల వేళకు వచ్చేది. బైరప్ప తిరిగి చేసేవాడు. పెద్దగా చెప్పుకునేదేమీ ఉండదు, వాన పడిందా, అన్నం తిన్నావా, అంతే. అయితే జేబులో ఫోను వణికిన ప్రతిసారీ ఆయన కళ్ళు ముందు చేని వైపు పోయేవి. నీళ్ళు పడుతున్నాయేమోనని ఒక్క క్షణం చెవి పెట్టి, ఆ తర్వాతే తమ్ముడికి ఫోను చేసేవాడు.