చప్పుడు ఆగేచోటు

ఈ చెప్పులు అక్కవి, వేలి దగ్గర కాస్త వదులు, అయినా రబ్బరు మెత్తగా ఉంది, నేలకి ఆనినట్టే తెలియదు, నా చెప్పులయితే మడమ దగ్గర టపటపలాడతాయి, ఆ టపటప వినబడితే చాలు బాబాయ్ తల తిప్పకుండానే వచ్చావా పంతులమ్మా అంటాడు, అందుకే ఇవాళ అక్క చెప్పులు, అక్క సబ్బు, తలకి నూనె లేదు, గాజులు తీసి బల్ల మీద పెడుతుంటే అమ్మ చూసి, ఏమే, దొంగతనానికి గానీ వెళ్తున్నావా అంది, అలాంటిదేనమ్మా అన్నాను, నిజంగా అలాంటిదే, ఒక మనిషి వెనకాల ఎక్కడున్నానో ఆ మనిషికి అంతు చిక్కకుండా నడవాలి, చెవికి దొరక్కూడదు, ముక్కుకి దొరక్కూడదు, కంటి సంగతి అక్కర్లేదు, ఆయనకి చూపు పోయి రెండేళ్ళు దాటింది, అదిగో బాబాయ్ వాళ్ళింటి తలుపు తెరుచుకుంది, ముందు కర్ర వచ్చింది, తర్వాత బాబాయ్ వచ్చాడు, మడత నలగని చొక్కా, నున్నగా గీసుకున్న గడ్డం, పెళ్ళిచూపులకి బయల్దేరినట్టు ఉన్నాడు, నాకు నవ్వొచ్చింది, నవ్వు కూడా చప్పుడే కదా, పెదాలు బిగబట్టాను.

మెట్లు దిగాడు, ఆగాడు, మొహం పైకెత్తాడు, ఎండ కోసం వెతుకుతున్నాడు, పొద్దున పూట ఈ గుమ్మంలో నిలబడితే ఎండ కుడి చెంప మీద పడుతుంది, కుడి చెంప వెచ్చగా ఉంటే మొహం సరైన దిక్కుకే ఉన్నట్టు, నేనే నేర్పాను, కానీ ఇవాళ మబ్బు పట్టింది, ఎండ లేదు, రెండు చెంపలూ ఒకటే, ఏం చేస్తాడో చూడాలి, చూడటం తప్ప నాకింకేం పని లేదు, ఒప్పందం అదే, డిపోలో మైకు దగ్గర పని ఇస్తామన్నారు, ఏ బస్సు ఎక్కడ ఆగింది, ఎప్పుడు కదులుతుంది, అదంతా చెప్పే పని, అంతకాలం బస్సు నడిపిన మనిషి, గొంతు ఎలాగూ పెద్దదే, కంటి నరం ఎండిపోయి స్టీరింగు వదిలేశాక మొదటిసారి ఆయన మొహం వెలిగిందని పిన్నే చెప్పింది, మళ్ళీ పిన్నే అడ్డం పడింది, రోజూ నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను, లేదంటే ఇంట్లో కూర్చోండి అంది, చెయ్యి పట్టుకుని దింపడానికి నేనేమన్నా ఒకటో తరగతి పిల్లాడినా, అలాగైతే అసలు వెళ్ళను అని ఈయన, ఇద్దరూ ఇద్దరే, చివరికి నన్ను మధ్యలో పెట్టారు, ఇంటి నుంచి డిపో గేటు దాకా ఆయన ఒక్కడే రావాలి, నేను వెనకాల ఉండొచ్చు, నోరు మాత్రం విప్పకూడదు, ఒక్క మాట నా నోట్లోంచి జారిందంటే మైకు లేదు, గీకు లేదు, పిన్ని మాటంటే మాటే, ఈపాటికి గేటు దగ్గర చీర కొంగు మెలిపెడుతూ నిలబడి ఉంటుంది.

నోరు విప్పకపోవడం నాకు కష్టమా, చిన్నప్పటి నుంచీ చేస్తున్న పని అది, మా ఊరి బళ్ళో మాస్టారు హాజరు పిలుస్తుంటే నా వంతు వచ్చినప్పుడు ఉన్నానండీ అనేదాన్ని, ఆ మాట ముందు బెంచీ కూడా దాటేది కాదు, ఆయన తలెత్తకుండా రాలేదని రాసేసేవారు, ఎప్పుడైనా తలెత్తి, ఏమ్మా, అసలు నువ్వు ఉన్నావా లేవా అంటే క్లాసంతా నవ్వేది, నేనూ నవ్వేదాన్ని, అంతా అలా నవ్వుతుంటే ఉన్నానో లేనో నాకే అనుమానం వచ్చేది, కానీ మాట్లాడని వాళ్ళకి చూసే తీరిక ఎక్కువ, ఎవరు చెప్పు వేలితో నేల గీకుతూ అబద్ధం చెబుతారో, ఎవరికి ఒక చెవి సరిగ్గా వినబడదో నాకు తెలిసినట్టు ఆ బళ్ళో ఇంకెవరికీ తెలియదు, ఇప్పుడు చూపు లేనివాళ్ళకి కర్రతో నడక నేర్పే ఉద్యోగంలో నాకు తిండి పెడుతున్నది ఆ చూపే, బాబాయ్ కదిలాడు, ఎండ కోసం వెతకడం మానేశాడు, కర్ర మొనని గోడకి తగిలించి, కాస్త జరిగి, గోడని ఎడమ పక్కన పెట్టుకుని నడక మొదలుపెట్టాడు, కర్ర తాటించిన ప్రతిసారీ ఆ చప్పుడు గోడకి కొట్టుకుని వెనక్కి వస్తుంది, గోడ ఉన్నంతసేపు గట్టిగా, దగ్గరగా, గేటు దగ్గర సందు వస్తే పలచగా, ఏదో జారిపోయినట్టు, ఆ తేడా పట్టుకున్నవాడికి గోడ కనిపించినట్టే.

ఆ తేడా నాకు తెలిసింది ఈ ఉద్యోగం కోసం తీసుకున్న శిక్షణలో, కళ్ళకి గంతలు కట్టి మేడమ్ నన్ను పొడుగాటి వరండాలో వదిలేసింది, నడువు, ఎదురుగా ఏదో ఉందనిపిస్తే ఆగు అంది, నడిచాను, ఉన్నట్టుండి నుదురు మీద ఏదో బరువు, ఎవరో అరచెయ్యి అడ్డం పెట్టినట్టు, ఆగి చెయ్యి చాపితే గోడ, ఇంకో అడుగు వేసుంటే ముక్కు పగిలేది, మొహానికి తెలిసిందండీ మేడమ్, చర్మానికి తెలిసింది అన్నాను, ఆవిడ నా చెవుల్లో దూది కుక్కి మళ్ళీ నడవమంది, ఈసారి తిన్నగా వెళ్ళి గోడని ఢీకొన్నాను, నుదురు బొప్పి కట్టింది, ఆవిడ బొప్పి మీద చెయ్యి వేసి నొక్కుతూ, తెలిసింది చెవికమ్మా, మొహానికి తెలిసిందని నువ్వు అనుకున్నావు, అంతే అంది, ఎంత చిత్రం, పని ఒకరిది, పేరు ఇంకొకరికి, మన ఒంట్లో కూడా ఇలాంటివి జరుగుతుంటాయన్నమాట, బాబాయ్‌కి ఈ కథ చెబితే పడీ పడీ నవ్వాడు, మా డిపోలోనూ ఇంతే అన్నాడు.

రొట్టెల బట్టీ వచ్చింది, వేడిగా, తియ్యగా, కాస్త మాడిన వాసన, నా కడుపు గురగురమంది, అది కూడా వినబడుతుందేమోనని రెండడుగులు వెనక్కి తగ్గాను, ఈ బట్టీ ఆయనకి గుర్తు, పిన్నికి మాత్రం అసలు వాసనే తెలియదు, ఇన్నేళ్ళు పక్కనే ఉండి ముక్కు అలవాటు పడిపోయింది, ఏ వాసనమ్మా, నాకేం రావట్లేదే అంటుంది, ఈయన అలా అలవాటు పడిన ముక్కుని మళ్ళీ తట్టి లేపాడు, ఇక్కడ గోడ వదలాలి, వదిలాడు, కర్రతో కాలిబాట అంచు పట్టుకున్నాడు, నేను నేర్పిందే చేస్తున్నాడని గర్వం, నేను నేర్పినదానికన్నా బాగా చేస్తున్నాడని ఇంకాస్త గర్వం, తర్వాత పిండిమర, ఆ రొద వీధి మొదటి నుంచే వినబడుతుంది, దాని ఎదురుగా వచ్చాక కుడికి తిరగాలి, తిరిగితే మెయిన్ రోడ్డు, పిండిమర, పిండిమర ఏది.

రొద లేదు, పిండిమర అతను బయట స్టూలు వేసుకుని అట్టముక్కతో విసురుకుంటున్నాడు, కరెంటు పోయింది, ఆ సంగతి నాకు కళ్ళతో తెలిసింది, బాబాయ్‌కి కళ్ళు లేవు, ఇన్ని రోజులూ ఈ మలుపుకి రొదే గుర్తని నేనే చెప్పాను, ఒకే గుర్తు మీద ఆనకూడదని కూడా చెప్పాను, చెప్పానా, చెప్పాను, పిండిమర అతను బాబాయ్‌ని చూసి నోరు తెరవబోయాడు, నేను దూరం నుంచి పెదాల మీద వేలు పెట్టాను, అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు, బాబాయ్ మలుపు దాటిపోలేదు, ఆగాడు, నాలుకతో టక్కుమని చప్పుడు చేశాడు, మళ్ళీ టక్కు, తెరిచి ఉన్న పెద్ద తలుపులోకి ఆ చప్పుడు వెళ్ళిపోయింది, ముక్కు ఎగబీల్చాడు, పిండి వాసన మర ఆగిపోయినా ఆగదు కదా, కుడికి తిరిగాడు, తిరిగి కాసేపు అలాగే నిలబడి ఎవరో ఏదో చెప్పినట్టు తల ఊపాడు, ఎందుకు ఊపాడో నాకు అర్థం కాలేదు, అప్పుడు తట్టింది, కరెంటు పోతే మర ఒక్కటే ఆగదు, రోడ్డు మీద సిగ్నల్ కూడా ఆగుతుంది.

సిగ్నల్ ఉన్నప్పుడు దాటడమే మేం నేర్చుకున్నది, మన పక్కన నడిచే బళ్ళు ఒక్కసారిగా కదిలిన చప్పుడు వస్తే ఎదురుగా అడ్డంగా వెళ్ళేవి ఆగినట్టు, అప్పుడు దిగాలి, ఇవాళ ఆ వరస లేదు, ఎవరికి సందు దొరికితే వాళ్ళు దూరుతున్నారు, హారన్ల మీద హారన్లు, చప్పుడంతా ఒకటే ముద్దయిపోయింది, సిగ్నల్ లేదు బాబాయ్, మూడు మాటలు, నాలుక చివర ఉన్నాయి, మింగేశాను, నమ్ము, నమ్మకపోతే ఇన్నాళ్ళు నేర్పిందేమిటి, రోడ్డంచున నిలబడ్డాడు, కదల్లేదు, పక్కన సంచీ మోసుకొస్తున్న ఒకావిడ ఆగి, రండి అన్నయ్యా, దాటిస్తాను అంది, చెయ్యి కూడా చాపింది, పట్టుకో బాబాయ్, అడిగి దాటడం తప్పు కాదు, అది కూడా నేర్పాను, ఆయన నవ్వి, వద్దమ్మా, మా బస్సు వస్తోంది అన్నాడు, ఏ బస్సు, ఈయన ఎక్కాల్సిన బస్సేమీ లేదే, డిపో ఎదురుగానే ఉంది, ఆవిడ సరేనని వెళ్ళిపోయింది, నాకు ఏ బస్సూ వినబడలేదు, హారన్లే వినబడ్డాయి, అప్పుడు ఆ ముద్ద అడుగునుంచి, ఎక్కడో వంపు అవతల, గేరు మార్చిన మూలుగు, పెద్దది, బరువుది, ఆయన గొంతులాంటిది.

కర్ర నిలువుగా పైకెత్తాడు, బస్సు వచ్చింది, ఉస్సుమని ఊపిరి వదిలి ఆయన ముందు ఆగింది, దాని వెనక హారన్లు మొదలయ్యాయి, డ్రైవరు అవతలి కిటికీలోంచి చెయ్యి చాపి బళ్ళని ఆపుతున్నాడు, బాబాయ్ దిగాడు, బస్సు మొహం ముందు నుంచి నడుస్తున్నాడు, అంత పెద్ద శరీరం అడ్డం ఉండేసరికి రోడ్డు మీది రొదంతా అవతలే ఆగిపోయి ఉంటుంది ఆయనకి, బస్సు మొహం అవతలి అంచు వచ్చింది, అక్కడే ప్రమాదం, ఓపిక లేనివాడు ఎవడైనా పక్కనుంచి దూరతాడు, దూరుతున్నాడు, మోటార్ సైకిల్, చెయ్యి ఆపుతున్నా ఆగకుండా వస్తున్నాడు, నా నోరు తెరుచుకుంది, నాకు తెలుస్తూనే ఉంది తెరుచుకోవడం, గాలి లోపలికి పోయింది, మాట బయటికి రాకముందే చూశాను, బాబాయ్ బస్సు అంచున ఆగే ఉన్నాడు, ఒక అడుగు ముందుకి, ఒక అడుగు వెనక్కి, చెవి అటే పెట్టుకుని, మోటార్ సైకిల్ ఆయన చొక్కా ఊపుకుంటూ పోయింది, ఆయన ఇంకా విన్నాడు, విన్నాక నడిచాడు, నేను కదల్లేకపోయాను, బస్సు కదిలింది, నాకూ ఆయనకీ మధ్య గోడలా పాకింది, అది దాటేసరికి ఆయన అవతలి కాలిబాట మీద ఉన్నాడు, నేను ఇవతలే ఉన్నాను.

సందు చూసుకుని పరుగెత్తాను, గేటు దగ్గర పిన్ని కళ్ళు తుడుచుకుంటూ తిడుతోంది, నడిరోడ్డు మీద బస్సుకి కర్ర అడ్డం పెడతారా, ఆ డ్రైవరు చూసుకోకపోతే, చూసుకోకపోవడం ఏమిటే, వాడికి స్టీరింగు పట్టుకోవడం నేర్పిందే నేను అని బాబాయ్, సిగ్నల్ లేదని మీకెవరు చెప్పారు, పిండిమర చెప్పింది, మర మాట్లాడిందా, మాట్లాడటం మానేసింది, అదే చెప్పడం, మలుపు దగ్గర ఆయన తల ఊపింది అందుకా, పిన్ని నా వైపు తిరిగి, నిజం చెప్పు తల్లీ, నువ్వేమీ అనలేదా అంది, నేను తల అడ్డంగా ఊపాను, బాబాయ్ అందుకున్నాడు, ఈ పిల్ల ఎక్కడ అంటుందే, గోడ ఉన్నంతసేపు నా కుడి భుజం వెనకాల ఉంది, బట్టీ దగ్గర రెండడుగులు తగ్గింది, మలుపు తిరిగాక ఎడమ పక్కకి వచ్చింది, నేను అక్క చెప్పుల వైపు చూసుకున్నాను, ఖాళీ చేతుల వైపు చూసుకున్నాను, ఎలా బాబాయ్, చప్పుడు చెయ్యలేదు, వాసన కూడా లేదు, ఆయన నవ్వాడు, నువ్వు చెయ్యలేదమ్మా, వీధి చేస్తుందిగా, ఆ చప్పుడు అన్ని వైపుల నుంచీ వస్తుంటే ఒక్క చోట మాత్రం కాస్త ఆగేది, మనిషంత మేర, బస్సు అడ్డం వస్తే రొద ఆగలేదూ, నువ్వూ అంతే, చిన్న సైజు బస్సువి.

పిన్ని మొహం మారింది, అయితే ఈ అమ్మాయి ఉందన్న ధైర్యంతోనే వచ్చారన్నమాట, ఇదేం రావడం అంది, అంతా పోయింది, నోరు మూసుకుని కూడా చెడగొట్టాను, బాబాయ్ నవ్వు ఆపి నెమ్మదిగా అన్నాడు, రోడ్డు మీదికి దిగినప్పుడు ఈ పిల్ల నా వెనకాల లేదే, బస్సు అంచున ఆగినప్పుడూ లేదు, వెనకంతా ఖాళీగా తెలిసింది, ఖాళీ అని తెలిసే అడుగు వేశాను, కావాలంటే ఈ పిల్లనే అడుగు, పిన్ని అడగలేదు, నా మొహం చూసింది, ఆయన చొక్కా కాలరు సర్ది, మధ్యాహ్నం మాత్రం చెయ్యి పట్టుకునే తీసుకెళ్తాను, అది నా ఇష్టం అంది, నీ చెయ్యి వద్దని ఎవరన్నారు అని ఆయన, కర్ర తాటిస్తూ లోపలికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి మైకు గరగరలాడింది, అంటే కరెంటు వచ్చింది, ఆ పెద్ద గొంతు డిపో కప్పు నిండా పరుచుకుంది, పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నేను గేటు పక్కన నిలబడి వింటున్నాను, ఆ గొంతు అందరి దగ్గరికీ వస్తోంది, నా దగ్గరికీ వచ్చి తగిలి ఆగుతోంది, నా వెనకాల నా అంత మేర తక్కువగా వినబడుతూ ఉంటుంది, ఇన్నేళ్ళూ కూడా అలాగే ఆగి ఉంటుంది, బళ్ళో మాస్టారి గొంతు, క్లాసు నవ్వు, మా వీధి రొద, అన్నీ నాకు తగిలి ఆగుతూనే ఉన్నాయి, నేను పలికినా పలకకపోయినా, ఉన్నావా లేవా అని ఎవరూ అడగక్కర్లేదు, ఉన్నాను, అక్క చెప్పులు అక్కకి ఇచ్చేయాలి, రేపటి నుంచి టపటపలాడేవే వేసుకుంటాను.