ఎర్రజొన్నలు ఏ ఆఫీసువి?

బాల్యా బిడ్డ చిన్ని మొన్నటి నుంచి మిర్యాలగూడ దవాఖానలో ఫిట్సుతో కొట్టుకుంటోంది. ఈ కరువు యేడు రాజమౌళి సావుకారి దుకాణంలో మాత్రమే జొన్నలు చవకగా దొరికాయి. విత్తనాలకని ఎర్రటి పురుగుల మందు పట్టించినవి, అమ్ముడుపోక మిగిలినవి. "ఎరుపు పోయేదాక కడుగుర్రి, ఏం గాదు" అన్నాడు సావుకారి. బాల్యా పెళ్లాం జమునా నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగింది పాపం. ఎరుపు పోయింది, మందు పోలేదు.

డాక్టరు చిన్నికి సూది వేసి, "మిగిలిన బస్తాలు అమ్మనియ్యకు, వ్యవసాయం ఆఫీసుల చెప్పు" అన్నాడు. మీరే చెప్పరాదా సారూ అనే ధైర్యం బాల్యాకెక్కడిది? ఇవాళ అంగడి. తండాలన్నీ గింజల కోసం వచ్చేది ఈరోజే. బిడ్డను జమునాకు అప్పగించి పరుగెత్తాడు.

వ్యవసాయాఫీసరు మంచివాడే, కూర్చోమన్నాడు. "కొత్త చట్టమొచ్చింది. డబ్బాల మందుంటే మాది. విత్తనానికి పట్టిస్తే మాదే. తినెతందుకు అమ్మిండంటే గది తిండి. ఫుడ్ ఇన్‌స్పెక్టర్ సూడాలె."

ఆ ఇన్‌స్పెక్టరు ఉండేది సూర్యాపేటలో. బాల్యా బస్సులో నిలబడి పోయాడు. ఆయన అంతా విని నిట్టూర్చాడు. "కల్తీ అయితే పట్టుకుంట. ఇది విత్తనమాయె. విత్తనానికి మందు పట్టిచ్చుడు తప్పా? వ్యవసాయపోళ్లనే అడుగు."

మంది ఎక్కువైతే మజ్జిగ పలుచన అంటారు. ఇక్కడ మజ్జిగే లేదు, ఉత్త ముంత చేతులు మారుతోంది. బాల్యాకు కోపం కూడా రాలేదు. కోపానికైనా ఒంట్లో సత్తువ ఉండాలి కదా. మళ్లీ బస్సెక్కాడు.

పొద్దు వాలుతుండగా దుకాణం చేరేసరికి, త్రిపురారం నుంచి వచ్చిన సోమమ్మ అనే ముసలామె అవే జొన్నలు తూకం వేయించుకుంటోంది.

"వద్దవ్వా, వాటికి మందు పట్టిచ్చిండ్రు."

"మంచిదే గద బిడ్డా, పురుగు పట్టదు" అంది ఆమె.

పొద్దున్నుంచి ఆఫీసర్లూ మందే అన్నారు, తనూ మందే అన్నాడు. దవాఖానలో చిన్నికి పోస్తున్నదీ మందే.

"విషం అవ్వా" అన్నాడు. మళ్లీ అన్నాడు. "విషం. నా బిడ్డ తిన్నది."

సోమమ్మ సంచి అక్కడే బోర్లించింది. వెనక నిలబడ్డవాళ్లూ జరిగారు.

"విషమని ఏ ఆఫీసర్ చెప్పిండురా?" సావుకారి గద్దించాడు.

"ఎవ్వరు చెప్పలే. గందుకే నేను చెప్తున్న." బాల్యా బస్తాల ముందు కూలబడ్డాడు.

చిన్ని కళ్లు తెరిచిందో లేదో తెలియదు. పోయి చూడాలని ప్రాణం గుంజుతోంది. కానీ తను లేస్తే మళ్లీ తూకం మొదలవుతుంది. అంగడి ఇంకా లేవలేదు. బాల్యా అక్కడే కూర్చున్నాడు.