మామూ రావద్దన్న అష్టమి

అన్నని ఇంటికి రావద్దని చెప్పడానికి సుకాంతికి నోరు రాలేదు. అయినా గుండె రాయి చేసుకుని చెప్పేసింది.

"భాయి, ఈసారి బట్టలు బస్సులో పంపించు. నువ్వు రాకు."

ఫోన్లో అవతల నటబర్ నవ్వాడు. "ప్రథమాష్టమికి మామూ బదులు బస్సు కండక్టర్ వస్తాడా? మరి పిఠాలు కూడా వాడికే పెడతావా?"

"నవ్వులాట కాదు భాయి. నిన్ను చూస్తే టుకి ఉబ్బితబ్బిబ్బవుతుంది. వెంటనే నత్తితో మాట పట్టేస్తుంది. నీకు తెలీదు, నేను రాసి పెట్టాను."

నటబర్ సరేనని ఫోన్ పెట్టేశాడు.

విన్న అత్తగారు ముక్కున వేలేసుకుంది. ఇంటి పెద్దబిడ్డని పీట మీద కూర్చోబెట్టి హారతిచ్చే రోజది. ఆ రోజు ఒంటి మీదికి కొత్త గుడ్డ మేనమామ ఇంటినుంచే రావాలి, మేనమామ చేత్తోనే రావాలి. "అష్టమినాడు మామూని గుమ్మం తొక్కొద్దన్న తల్లిని కేంద్రాపడా మొత్తం మీద నిన్నొక్కదాన్నే చూశాను బొహూ," అంది కోడలితో. సుకాంతి వినిపించుకోలేదు. కూతురి కోసం ఎన్ని మాటలైనా పడేందుకు ఆవిడ ఎప్పుడో సిద్ధపడింది.

టుకికి నాలుగున్నరేళ్లు. ఏడాదిగా నత్తి. కటక్‌లో మాటలు నేర్పే మేడమ్ దగ్గరికి తీసుకెళ్తే, "తొందరపెట్టకండి, పిల్ల చెప్పేదాకా ఆగండి. మాట ఎప్పుడెప్పుడు పట్టేస్తోందో, అప్పుడు పిల్ల మనసు ఎలా ఉందో ఓ పుస్తకంలో రాసి తెండి," అంది. భయం వల్లే ఇదంతా అని సుకాంతి నమ్మకం. అత్తగారి చేత దెయ్యాల కథలు మాన్పించింది, మొగుడి గొంతు తగ్గించింది. నెల తిరిగాక పుస్తకం తెరిచి చూసుకుంటే భయపడినప్పుడు పట్టేసింది నాలుగుసార్లు, కోపమొచ్చినప్పుడు ఆరుసార్లు. మిగతా పేజీల నిండా సంతోషమే. వాన మొదలైందని చెప్పబోతే పట్టేసింది. పక్కింటి పిల్లి ఈనిందని చెప్పబోతే పట్టేసింది. మామూ ఫోన్ చేస్తే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది.

రాయమన్నది మేడమ్. వైద్యం మాత్రం సుకాంతి సొంతం. పిల్లికూనల దగ్గరికి వెళ్లనివ్వడం మానేసింది. ఊరేగింపు వీధిలోకి వస్తే తలుపేసింది. మంచి కబురేదీ ముందుగా చెవిన పడనివ్వలేదు. మూడు వారాల్లో టుకి నత్తి సగానికి సగం తగ్గింది. సుకాంతి సంబరానికి పట్టపగ్గాలు లేవు. పాపం, సంబరపడే హక్కు ఇంట్లో ఆవిడొక్కదానికే మిగిలింది.

అష్టమి పొద్దున పసుపాకుల్లో చుట్టిన బియ్యప్పిండి పిఠాలు ఉడుకుతున్నాయి. ఇల్లంతా ఆ వాసనే. టుకి తెల్లారినప్పటినుంచి గుమ్మంలో కూర్చుని ఉంది. ఎవరి బండి చప్పుడైనా మెడ సాచి చూస్తోంది. పది గంటలకి కండక్టర్ మూట ఇచ్చి వెళ్లాడు. టుకి మూట వైపు చూసింది. తర్వాత బస్సు వెళ్లిన వైపు చూసింది.

"మామూ రాడా?"

"రాడమ్మా. పనుందట."

"సరే."

లోపలికొచ్చి పీట మీద కూర్చుంది. నాయనమ్మ కొత్త గౌనుకి పసుపు రాసి తొడిగింది, నుదుట గంధం పెట్టింది.

"గౌను బాగుందా తల్లీ?"

"బాగుంది జేజేమా."

"వేడి వేడి పిఠా తింటావా?"

"తర్వాత తింటాను. ఇప్పుడు ఆకలి లేదు."

ఒక్క అక్షరం తడబడలేదు. ముసలావిడ కోడలి వైపు తిరిగింది. "విన్నావా? ఎంత నున్నగా మాట్లాడిందో! ఇక పండగ చేసుకో."

హారతి పళ్లెం పట్టుకున్న సుకాంతి కూతురి మొహంలోకి చూసింది. ఏడాదిగా మొక్కిన మొక్కులన్నీ ఇలాంటి మాట కోసమే. తీరా వింటే, అది నాలుగున్నరేళ్ల పిల్ల గొంతులా లేదు. పెళ్లింట ఎవరూ పలకరించని చుట్టం మర్యాదకి మాట్లాడినట్టుంది. మాట పట్టేయడానికి అందులో అసలు ఏమీ లేదు. తను చేసిన పని అప్పుడు అర్థమైంది సుకాంతికి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

పళ్లెం కింద పెట్టి ఫోన్ తీసింది.

"భాయి, వచ్చెయ్."

"ఏమైంది? టుకికేమన్నా అయిందా?"

"ఏమీ కాలేదు. అందుకే భయమేస్తోంది. నువ్వు రా."

"హారతి మధ్యలో ఆపుతారా ఎక్కడైనా?" అని గొణిగింది అత్తగారు. గొణిగిందే గానీ, దీపం ఆరిపోకుండా తనే నూనె పోసింది.

అన్న ఉండే పట్టాముండై నుంచి గంట దారి. నటబర్ ముప్పావుగంటలో వచ్చి పడ్డాడు. బండి ఆగడంతోటే టుకి పీట మీదినుంచి ఒక్క గెంతు గెంతింది. వాకిట్లోకి పరుగెత్తి అతని ముందు నిలబడి నోరు తెరిచింది.

"మ్... మ్... మ్..."

పెదాలు బిగుసుకుపోయాయి. కళ్లు మూతలు పడ్డాయి. కుడికాలు నేలకేసి కొడుతోంది. ఇంత గట్టిగా ఎప్పుడూ పట్టేయలేదు. పక్కన అత్తగారి పెదాలు ఆ మాట అందించడానికి కదలబోయాయి. సుకాంతి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. నిజానికి తన నాలుక చివర కూడా అదే మాట ఉంది, బయటికి రాకుండా పళ్లు బిగించింది. నటబర్ హెల్మెట్ తియ్యడం కూడా మరిచి మోకాళ్ల మీద కూర్చున్నాడు. పిల్ల మొహంలోకి చూస్తూ ఉన్నాడు. అతనికేమీ తొందర లేదు.

"మ్... మ్... మామూ! న్... న్... నువ్వు రాలేదని..."

మళ్లీ ఆగింది. ఊపిరి తీసుకుంది.

"న్... న్... నేను ఏడవలేదు!"

చెప్పేసి, గెలిచినట్టు మొహం పెట్టి, అతని మెడ పట్టుకుని వేలాడింది. గుమ్మంలో నిలబడ్డ సుకాంతి మాత్రం వెక్కి వెక్కి ఏడ్చింది.