దుప్పట్ల గదిని చూసుకునే మనిషి

రోజూ మధ్యాహ్నం భోజనాలు కాగానే ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఎనిమిది మందీ చేతులు తుడుచుకుంటూ వెనక గదిలోకి వెళ్ళి ఇంగ్లీషు నేర్చుకునేవారు. ఆ గదిలో నాలుగు బెంచీలు, ఒక నల్లబల్ల, రిటైరైనా ఊరుకోలేని ఒక మాస్టారు. నల్లబల్లకి ఒక గుణం ఉంది. దాని మీద నిజం రాస్తే చెరగదు. తడిగుడ్డతో రుద్దినా, గోటితో గీకినా పోదు. అబద్ధమైతే డస్టరు తగిలీ తగలకముందే మాయం. ఏళ్ళ తరబడి పేరుకున్న నిజాలతో బల్ల కిక్కిరిసిపోయింది. కొత్త పాఠానికి జానెడు చోటు వెతుక్కోలేక మాస్టారికి తలప్రాణం తోకకొచ్చేది.

"కాస్త అబద్ధాలు రాయండర్రా, మీకు పుణ్యముంటుంది," అని బతిమాలేవారు.

ఆ నెల పాఠం 'లుక్ ఆఫ్టర్'. అంటే చూసుకోవడం. పిల్లల్ని చూసుకోవచ్చు, కొట్టు చూసుకోవచ్చు, పక్కావిడ బస్సు దిగి నీళ్ళు తాగొచ్చేదాకా ఆవిడ సంచీ చూసుకోవచ్చు, అన్నిటికీ ఆ రెండు ముక్కలే చాలన్నారు మాస్టారు. దుప్పట్లు మడతపెట్టే మడతల అమ్మాయి లేచి, తన పూలకుండీల్ని తను చక్కగా చూసుకుంటున్నట్టు గుండ్రటి అక్షరాలతో రాసింది. డస్టరు తగలగానే పోయింది. గది గొల్లుమంది.

"నీళ్ళు పోయడం రెండు వారాలు మర్చిపోయానంతే!" అని ఆ పిల్ల మూతి ముడిచింది.

ఇస్త్రీ అక్కకి మాత్రం నవ్వు రాలేదు. పదిహేడేళ్ళుగా ఆమె దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఒకటో తారీకున ఆ పనికి మిషను వస్తోంది. ఇక మిగిలింది దుప్పట్ల గది ఉద్యోగం ఒక్కటే. అక్కడ వార్డులకి దుప్పట్లిచ్చి, ఇచ్చినవన్నీ ఇంగ్లీషులో పుస్తకంలో రాయాలి. చూసే ఆయన మానేసి నెలైంది. అది దొరక్కపోతే ఆమె ఇంటికే. చదువుకునే ఇద్దరు ఆడపిల్లలకి ఆమె తప్ప దిక్కు లేదు.

ఆమె లేచి, దుప్పట్ల గదిని తను చూసుకుంటున్నట్టు, "ఐ లుక్ ఆఫ్టర్ ద లినెన్ రూమ్" అని రాసింది. మాస్టారు తుడిచారు. పోయింది.

"నీది కాని గది ఎలా నిలుస్తుందమ్మా? పిల్లల్ని చూసుకుంటున్నావుగా, అది రాయి."

"అది నాకు తెలిసిందే కదా మాస్టారూ. నాకు కావలసింది ఇది."

మర్నాడు రాసింది. పోయింది. మూడో రోజూ అంతే. ఇస్త్రీ అక్క నడుముకి చెంగు బిగించి బల్లకేసి గుడ్లురిమింది. "నీకు నిజమే కావాలా? సరే, చేసి చూపిస్తా."

ఆ మర్నాటి నుంచి డ్యూటీకి గంట ముందే వచ్చి దుప్పట్ల గదిలో దూరింది. చిరిగినవి ఏరి కుట్టింది. చెమ్మ పట్టిన మూల ఖాళీ చేసింది. పిల్లల వార్డు చిన్న దుప్పట్లు చేతికందే అరలో సర్దింది. నర్సులు వస్తే ఇచ్చి, వంకర అక్షరాలతో పుస్తకంలో రాసుకుంది. రాని వార్డులకి తనే మోసుకెళ్ళింది.

"ఎవరు చెప్పారని అక్కా నీకీ వెట్టిచాకిరీ?" అంది మడతల అమ్మాయి.

"నోరు మూసుకుని ఆ కొస పట్టుకో."

అలా పన్నెండు రోజులు. బల్ల జోలికి మాత్రం వెళ్ళలేదు. మళ్ళీ చెరిగిపోతే తట్టుకోలేనని ఆమె భయం.

ఆ ఉద్యోగానికి ఎంపిక రోజున ఆసుపత్రి ఆఫీసరుగారు పాఠాల గదికి వచ్చాడు. చేతిలోని కాగితంలో అప్పటికే ఎవరో డిగ్రీ చదివిన బయటి మనిషి పేరు టైపై ఉంది. "ఏదో, తలా ఒక వాక్యం రాయండి," అన్నాడు మాటవరసకి.

ఇస్త్రీ అక్క లేచి మళ్ళీ ఆ దుప్పట్ల గది వాక్యమే రాసింది.

"ఆ గదికి ఇంకా మనిషినే వెయ్యలేదు కదమ్మా," అని నవ్వుతూ ఆయన డస్టరు అందుకున్నాడు. తుడిచాడు. పోలేదు. తడిగుడ్డ తెప్పించాడు. చొక్కా చేతులు పైకి మడిచి, చెమటలు పట్టేలా రుద్దాడు. ఒక్క అక్షరం కదల్లేదు. ఇస్త్రీ అక్క కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి, ఆమె తుడుచుకోలేదు.

బల్ల సంగతి ఆఫీసరుగారికీ తెలుసు. టైపైన పేరు మీద అడ్డంగా గీత గీశాడు. పదిహేడేళ్ళలో మొదటిసారి ఆమె పేరు అడిగి రాసుకున్నాడు.

"ఒకటో తారీకు నుంచి ఆ గది మీరే చూసుకోండి."

"ఒకటో తారీకు దాకా ఎవరాగుతారు సార్? మూడో వార్డు వాళ్ళు గుమ్మంలో నిలబడి ఉన్నారు," అంటూ ఆమె బయటికి నడిచింది.