వెన్ను కింద చేయి

"వారంల మూడు దినాలే కద. నువ్వెట్లాగు ఖాళీయే. తీసుకపో, తీసుకరా" అన్నాడు ఈశ్వర్, రొట్టె తుంచుకుంటూ.

సింధుజ పొయ్యి దగ్గర ఇంకో జొన్నరొట్టె తడుతోంది. చేయి ఆగలేదు. ఆ మాట మాత్రం చెవిలోనే ఉండిపోయింది. ఖాళీ.

సంగతి కూతురిది. పూజితకు తొమ్మిదేళ్లు. మూడేళ్లుగా తాండూరులో జబీన్ ఆపా దగ్గర జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోంది. వికారాబాద్‌లో ఈ మధ్య పెద్ద జిమ్నాస్టిక్స్ సెంటర్ తెరిచారు. అక్కడి కోచ్ నవీన్‌కుమార్ బడి పోటీల్లో పిల్లను చూసి, ఆదివారం తీసుకొస్తే ఓసారి పరీక్ష చేస్తానన్నాడు. తాండూరు నుంచి వికారాబాద్‌కు రైల్లో గంట. పిల్లను అక్కడికి మార్చాలా వద్దా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. ఎవరు తీసుకుపోవాలన్నది మాత్రం అప్పుడే తేలిపోయింది.

"మార్చుడెందుకు, మాన్పిస్తె పాయె" అంది అత్త చంద్రవ్వ. "ఆడపోరి కాళ్లు మీదికి లేపుడేంది, కోతిపిల్ల లెక్క. రేపు నడుం ఇరిగితె ఎవలు జూస్తరు?"

ఎవరు చూస్తారు, నేనే చూస్తాను, అనుకుంది సింధుజ. మామ బీరయ్య తలెత్తలేదు. ఆయన తినేటప్పుడు మాట్లాడడు. తినన‌ప్పుడు కూడా మాట్లాడేది తక్కువ.

ఖాళీ. నాలుగున్నరకు లేస్తుంది. నలభై గొర్రెల దొడ్డి ఊడుస్తుంది. తల్లి పాలివ్వని గొర్రెపిల్లలకు సీసాతో పాలు పడుతుంది. రొట్టెలు, పప్పు, పూజిత జడలు, బడి సంచి. అత్త మోకాళ్లకు నూనె రాస్తుంది. బట్టలు, బోళ్లు, మళ్లీ వంట. ఈశ్వర్ నాపరాళ్ల పాలిష్ మిషన్ మీద ఆరింటికి ఎక్కి రెండింటికి దిగుతాడు. వచ్చి తిని పడుకుంటాడు. లేచి చౌరస్తాకు పోతాడు. చీకటి పడ్డాక వస్తాడు. దాన్ని ఎవరూ ఖాళీ అనరు. అలసిపోయాడంటారు. ఆమె నడుం వాల్చింది ఎవరైనా చూస్తే, ఒంట్లో బాగా లేదా అని అడుగుతారు. బాగా లేకపోతేనే పడుకోవాలి కాబోలు.

సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు, ఆ గంటన్నర మాత్రం ఆమెకు వేరే. అప్పుడు తను పూజితతో జబీన్ ఆపా షెడ్డులో ఉంటుంది.

అది మూతపడ్డ పాలిష్ షెడ్డు. కింద బండలు. పూజితను మొదటిసారి తీసుకుపోయిన రోజు ఆ బండల మీద రెండు దూది పరుపులు పరిచి ఉన్నాయి. మిగతా తల్లులతో పాటు సింధుజ ఓ మూలన కూర్చుని చూసింది. పిల్లలు పల్టీ కొడితే మోకాళ్లు బండకు తగిలి టక్కుమంటున్నాయి. ఆ రాత్రికల్లా అటక మీది పాత గొంగళ్లు దించింది. ఒకదాని మీద ఒకటి వేసి, మధ్యలో అమ్ముడుపోని పొట్టి ఉన్ని కూరి, చుట్టూ కుట్టింది. మర్నాడు నెత్తిన పెట్టుకుని పోయింది. "యా అల్లా, పరుపు కుట్టుకొచ్చిందిరా ఈ పిల్ల" అని జబీన్ నవ్వింది. ఇప్పుడు అవి తొమ్మిది. నెలకోసారి లోపలి ఉన్ని గడ్డ కడుతుంది. కుట్టు విప్పాలి, ఉన్ని దులిపి చిక్కు తీయాలి, మళ్లీ నింపాలి. ఎవరూ చెయ్యమనలేదు. ఎవరూ వద్దనలేదు.

ఓ రోజు జబీన్ ఒక పిల్లను పట్టుకుని ఉంటే, ఇంకో పిల్ల అటు పక్కన వెనక్కి పడబోయింది. సింధుజ ఉరికి పట్టుకుంది. ఎడమ చేయి నడుం కింద, కుడి చేయి తొడ కింద. పిల్ల తిరిగి కాళ్ల మీద నిలబడింది. జబీన్ కాసేపు చూసి, "రేపటి సంది నువ్వు కూడ పట్టు" అంది. అంతే.

ఆ పట్టు గొర్రెలది. సింధుజ తండ్రి గొర్రెలమ్మేసి పరిగిలో దుకాణంలో పనికి కుదిరినవాడు. ఆమెకు మంద తెలియదు. పెళ్లయిన ఏడాది ఉన్ని కత్తిరించే రోజు గొర్రెను వెల్లకిలా పట్టుకొమ్మన్నారు. భయంతో గట్టిగా అదిమింది. అది పొట్టలో తన్నింది. చంద్రవ్వ నవ్వింది, ఈశ్వర్ నవ్వాడు. బీరయ్య కత్తెర కింద పెట్టి వచ్చి ఆమె చేతులు సరిచేశాడు. "గట్టిగ పట్టకు, భయపడ్తది. ఇడువకు, పడ్తది. నువ్వున్నవని దానికి తెల్వాలె, గంతే" అన్నాడు. పన్నెండేళ్లలో ఆయన ఆమెతో మాట్లాడిన పెద్ద మాట అదే.

ఆదివారం తల్లీకూతుళ్లే పోయారు. ఈశ్వర్‌కు అలసటగా ఉంది.

సెంటర్ అనంతగిరి పోయే రోడ్డులో ఉంది. లోపలికి అడుగుపెట్టగానే పూజిత నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఎత్తు కప్పు, నీలం మ్యాట్లు, పిల్లలు మీద నడిచే నిజమైన బీమ్, స్పాంజి ముక్కలు నింపిన గుంత. పిల్ల వంగి మ్యాట్ మీద చెంప ఆనించింది.

"అమ్మా, ఇది గుచ్చుకుంటలేదే!"

నేల మీద ఎర్రగీత ఉంది. తల్లిదండ్రులు దాని ఇవతలే ఉండాలన్నారు. సింధుజ గీత ఇవతల నిలబడింది. పూజిత నాలుగడుగులు ఉరికి, చేతుల మీద తిరిగి, వెనక్కి పల్టీ కొట్టింది. కాళ్లు నేలకు ఆనాయి. చప్పుడు లేదు. పక్కన చూస్తున్న ఇద్దరు తల్లులు చప్పట్లు కొట్టారు.

"ఇంత నిమ్మలంగ దిగుతదేంది?" అన్నాడు నవీన్‌కుమార్.

"మాకాడ కింద బండలుంటయి సార్. చప్పుడైతె కాలు నొస్తది" అంది పూజిత.

అందరూ నవ్వారు. అతను మాత్రం పిల్లను వదిలి తల్లిని చూస్తున్నాడు. అప్పుడు గమనించుకుంది సింధుజ. తన చేతులు రెండూ ముందుకు చాచి ఉన్నాయి, ఎడమది నడుం ఎత్తులో, కుడిది కొంచెం కింద. గబుక్కున కొంగు కింద దాచుకుంది.

"మేడమ్, ఎక్కడ నేర్చుకున్నరు ఆ పట్టుడు?"

"గొర్లకాడ సార్."

అతను జోక్ అనుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతను కూడా నవ్వు ఆపాడు. "పిల్లను తీసుకుంటం. రాష్ట్రం పోటీల దాక పోతదనిపిస్తుంది. ఈ ఫారం నింపి తెండి. అయితే ఒక్క మాట, ఇక్కడ గీత దాటొద్దు. పట్టుకునుడు మాది."

తిరుగు రైల్లో పూజిత కిటికీ పక్కన కూర్చుని బయటి చెట్లు లెక్కపెట్టింది. తర్వాత అడిగింది.

"నువ్వు నన్ను పట్టవు కదా ఆడ?"

"నిన్ను పట్టక ఏడాది అయితుంది బిడ్డా. చెయ్యి కింద పెడ్త గని తాకుతలేను."

"తాకుతలేవా?" పిల్ల తల్లి చేతుల వంక చూసింది. "నాకు తెల్వనే తెల్వదు."

సింధుజ ముఖం అటు తిప్పుకుంది. పిల్ల ఎప్పుడో ఒంటరిగా ఎగురుతోంది. ఆ సంగతి తనకు తెలుసు. చూస్తూ చూస్తూ, ఇంత మంచి ఒడుపు నా కడుపున ఎట్లా పుట్టిందని లోపల్లోపల మురిసింది. ఇంకెవరి ముందూ మురిసింది లేదు.

సోమవారం షెడ్డులో సింధుజ గొంగళ్లు పరుస్తూ జబీన్ వైపు చూడలేదు. మూడేళ్లు చేతుల్లో పెట్టుకుని నేర్పిన మనిషి. ఫీజు ఇయ్యలేని పిల్లలను ఎన్నడూ బయట నిలబెట్టని మనిషి. జబీనే అడిగింది.

"ఎట్లుందక్కడ?"

"మస్తున్నది ఆపా."

"బీమ్ ఉన్నదా? అసలుదా?"

"అసలుదే."

జబీన్ కళ్లు చిన్నపిల్ల కళ్లలా మెరిశాయి. తన షెడ్డులో బీమ్ అంటే పాత చీర చుట్టిన దూలం. దాని వంక చూసి నవ్వింది. "పంపు. ఫికర్ జెయ్యకు. నాకాడ ఉన్నదంత దానికిచ్చిన. ఇంక ఆపితె నాకు పాపం."

సింధుజకు ఏడుపొచ్చింది. జబీన్ పట్టించుకోలేదు. నడుముకు దుపట్టా బిగించుకుంటూ, "పిల్ల పోతది, సరే. నువ్వు పోతవా?" అంది.

ఆ ప్రశ్న ఇంట్లో ఎవరూ అడగలేదు. తనను తాను కూడా అడుగుకోలేదు. పిల్ల ఎటుంటే తల్లి అటు. గీత ఇవతల బల్ల మీద వారానికి మూడు రోజులు, ఒళ్లో నీళ్ల సీసా, సంచి. చేతులు కొంగు కింద.

"ఆంటీ, చెయ్యి పెట్టు" అని పిలిచింది ఆరేళ్ల రుఖియా. గొంగడి మీద వీపు తిప్పి నిలబడి ఉంది. మొదటిసారి వెనక్కి వంగుతోంది. కాళ్లు వణుకుతున్నాయి. సింధుజ పోయి చేయి పెట్టింది. చిన్న వెన్ను అరచేతిలో వెచ్చగా తగిలింది. వణుకు తగ్గింది. పిల్ల వంగింది, చేతులు నేలకు ఆనాయి, తలకిందులుగానే పళ్లన్నీ చూపించి నవ్వింది. వెనక ఇంకా పదిమంది వరుసలో ఉన్నారు.

ఆ సాయంత్రం అందరూ తినడానికి కూర్చున్నప్పుడు సింధుజ ఫారం తీసి నింపింది. పిల్ల పేరు, పుట్టిన తేదీ, ఊరు. కింద ఒక గడి ఉంది. క్లాసుకు పిల్ల వెంట వచ్చేవారు. ఆమె రాసి, సంతకం కోసం కాగితం భర్త ముందు పెట్టింది.

ఈశ్వర్ చదివాడు. మళ్లీ చదివాడు. "ఈడ నా పేరు రాసినవేంది?"

"నువ్వు రెండింటికే దిగుతవు కద. మూడున్నరకు రైలు."

"అయ్యో, మొగోడు పనిజేసొచ్చి పోరగాండ్ల ఎంబడి తిరుగుతడా?" అంది చంద్రవ్వ.

బీరయ్య చెంబు ఎత్తి నీళ్లు తాగాడు. కింద పెట్టాడు. కొడుకు వంక చూశాడు.

"రైల్ల పిల్ల చెయ్యి గట్టిగ పట్టకు. ఇడువకు" అన్నాడు. లేచి దొడ్డి వైపు పోయాడు.

పూజిత తండ్రినే చూస్తోంది. ఈశ్వర్ పెన్ను తీసుకున్నాడు. సంతకం పెట్టాడు. పెట్టాక తలెత్తి, "మరి గా టైంల నువ్వేం జేస్తవ్?" అన్నాడు. వెక్కిరించలేదు. నిజంగానే తెలియక అడిగాడు.

సింధుజ కాగితం మడిచి పిల్ల బడి సంచిలో పెట్టింది. సూది దారం తీసుకుని, కుట్టు వదిలిన గొంగడి ఒళ్లోకి లాక్కుంది.

"నాలుగున్నరకు పదకొండు మంది పిల్లలొస్తరు" అంది. "నేను ఖాళీ లేను."